డోర్నకల్ బిషప్పు అజరయ్య గారు

శ్రోతలందరికీ నమస్కారమండి. భద్రాచలం రోడ్ వైపు లైను మారేది డోర్నకల్ జంక్షన్‌లోనే కదా, ఆ స్టేషన్ తెలిసినంతగా ఆ ఊరి బిషప్పు గారు మనవాళ్ళకి తెలీదు. ఇవాళ ఆయన గురించే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తమిళాయన, 1874లో తిరునెల్వేలి దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి సంఘ కాపరి, అంటే పాస్టరు, కొడుకు పెద్దవాడు కాకముందే పోయారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. అయినా వైఎంసిఏ అనే క్రైస్తవ యువకుల సంఘంలో సెక్రటరీగా మంచి పేరు, దేశమంతా తిరగడం, అలా సాగిపోతున్న మనిషి 1909లో అదంతా వదిలేసి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి మిషనరీగా వచ్చేశారు. ముప్పై ఐదేళ్ళ వయసులో కొత్తగా తెలుగు నేర్చుకోవాలి, ప్రయాణమంటే ఎద్దులబండి, ఊరూరా జ్వరాలు. భార్య అన్బు గారేమో ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివిన ఆవిడ, ఆమె కూడా ఆ పల్లెలకే వచ్చి ఆయనతో సమానంగా పనిచేసింది, ఆమె పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

మరుసటి ఏడు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగింది. అక్కడ ఈయన లేచి, మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, శరీరాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. బైబిల్ చదివేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, అది మొదటి కొరింథీ 13వ అధ్యాయం, ప్రేమలేనివాడనైతే ప్రయోజనమేమియు లేదు అన్న మాట. అంటే తెల్లదొరల వాక్యాన్నే తీసుకుని వాళ్ళ ముందు పెట్టారన్నమాట! కొందరికి బాగా కోపమొచ్చింది.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అది అంత తేలిగ్గా జరగలేదు. భారతీయుడి కింద మేమెలా పనిచేస్తామన్న తెల్లవాళ్ళున్నారు సరే, సొంత తిరునెల్వేలి క్రైస్తవుల్లోనే వద్దన్నవాళ్ళున్నారు. బయటివాడు కాదంటే తట్టుకోవచ్చు, సొంతవాళ్ళు కాదంటేనే కష్టం, సంఘంలో ఏ చిన్న బాధ్యత మోసినవాళ్ళకైనా ఇది అనుభవమే.

నాకు నచ్చేది ఏంటంటే, అంత గొడవ తర్వాత దొరికిన పదవిని ఆయన కుర్చీలో కూర్చోడానికి వాడుకోలేదు. ఆయన దగ్గరికి వచ్చింది ఎక్కువగా మాల మాదిగ కుటుంబాలు, చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, పైగా ఊళ్ళో భూస్వామి దొరగారి అప్పు. వీళ్ళకి ముందు మనం పెట్టాలి అనే చోట ఆయన వీళ్ళే ఇవ్వగలరు అన్నారు. వంటకి బియ్యం తీసేటప్పుడు ఆడవాళ్ళు ఒక పిడికెడు దేవుడికని పక్కన పెట్టడం, ఆ పిడికెడు బియ్యంతో సంఘాలు నడిచాయి. బాప్తీస్మం తీసుకున్నవాళ్ళు తలమీద చెయ్యి పెట్టుకుని, నేను సువార్త ప్రకటింపక పోయిన యెడల నాకు శ్రమ అని చెప్పాలి, అంటే నిన్న చేరిన కూలిమనిషి కూడా ఇవాళ్టి నుంచి పనివాడే. తాగుడు, అప్పు, రోగం, మురికి, ఈ నాలుగింటి మీదా ఆయన యుద్ధమే చేశారు. ఇప్పుడు మనకి పేరు ముందు రెవరెండ్, డాక్టర్, అపొస్తలుడు అన్నీ ఫ్లెక్సీలో పట్టట్లేదు, సరే ఆ సంగతి వద్దులెండి.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ చూస్తే గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసినట్టుంటుంది. డబ్బు చాలక ఏళ్ళకేళ్ళు సాగి 1939లో ప్రతిష్ఠ జరిగింది.

ఆయన ఇంకో పోరాటం వేర్వేరు శాఖల క్రైస్తవ సంఘాలన్నీ ఒకటి కావాలని. 1919లో తమిళనాడు తీరాన ఉన్న తరంగంబాడిలో జరిగిన సమావేశంతో మొదలుపెట్టారు. ఈ చీలికలు పడమటి దేశాల్లో బలహీనత కావచ్చేమో గానీ ఇక్కడ పాపమే అని 1927లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్ సభలో మొహం మీదే చెప్పారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు, దక్షిణ ఇండియా సంఘం, అదే మన సిఎస్ఐ, 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది, ఆయన చూడలేదు. ఆయన బిషప్పుగా చూసుకున్న ప్రాంతం, డోర్నకల్ డయోసిస్, అందులో కలిసింది. మిగతావాళ్ళం మాత్రం ఇప్పటికీ ఒకే వీధిలో నాలుగు మైకులు పెట్టుకుని పాడుతున్నాం.