ఐస్ ఎవరి వెంట పడుతుంది?

శ్రోతలకు నమస్కారం.

డ్రగ్స్ అనగానే మనం గంజాయి, వైటెనర్, నిద్రమాత్రలు, ఐస్ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. కానీ ఏ మత్తు ఏ ప్రాంతంలో పాకుతుందో, ఏ వయసువాళ్లను పట్టుకుంటుందో తెలియకపోతే, ఇంట్లో ఎవరిని గమనించాలో కూడా మనకు తెలియదు. అనంతపురం, కర్నూలు, కడప తల్లిదండ్రులతో ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది ఇదే.

ఐస్ అంటే మెథాంఫెటమిన్. ఇది జోకొట్టే మత్తు కాదు, నిద్రను తరిమేసే మత్తు. మెదడులో హాయి కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా పెంచేస్తుంది. ఆకలి, అలసట తెలియవు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ తమ సైనికులకు దీన్ని ఇచ్చాయి. యుద్ధం అయ్యాక జపాన్‌లో ఇది మామూలు జనంలోకి పాకింది. 1951లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. థాయ్‌లాండ్‌లో లారీ డ్రైవర్లు, కూలీలు కెఫీన్ కలిపిన మాత్రలుగా మింగారు. అమెరికాలో చాలా ఏళ్లు పశ్చిమ రాష్ట్రాల్లో ఎక్కువ, తూర్పున తక్కువ. అక్కడ దీన్ని వాడేవారిలో ఎక్కువమంది 26 ఏళ్లు దాటినవాళ్లే. మోతాదు మించి చనిపోయేవాళ్లలోనూ నడివయసువాళ్లు చాలామంది. ఇది కాలేజీ కుర్రాళ్ల జబ్బని మనం అనుకుంటాం గానీ, అక్కడ ఆ లెక్క కుదరదు.

మన దేశంలో 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యం తాగేవారు 14.6 శాతం. ఐస్ లాంటి ఉత్తేజక మత్తులు వాడేవారు 0.18 శాతం. ఆ కొద్దిమందీ దేశమంతా సమానంగా లేరు. సరుకు ఎక్కువగా మయన్మార్ నుంచి వస్తుంది కాబట్టి మణిపూర్, మిజోరం ముందు దెబ్బతిన్నాయి. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో ఒక్క పడవలోనే ఐదు టన్నులకు పైగా పట్టుబడింది.

మన సీమ సంగతికొస్తే, మద్యం, గంజాయి మనకు పాత బాధలే. ఐస్ వస్తే 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా వస్తుందన్నది నా భయం. ఒక కొసన హైదరాబాద్, ఇంకో కొసన బెంగళూరు, నడుమ కర్నూలు, అనంతపురం. బీటెక్ అవగానే మన పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. చేతిలో మొదటి జీతం, రాత్రి డ్యూటీ, అడిగేవాళ్లు లేని రూము. నేను ఎక్కువగా దిగులుపడేది ఆ ఇరవైల్లోని పిల్లల గురించే. పండక్కి ఇంటికొచ్చినప్పుడు చూడండి. రెండు మూడు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా తిరిగి, ఆపైన రోజంతా మొద్దునిద్ర పోతున్నాడా? ఒళ్లు తగ్గిపోతోందా? పళ్లు పాడవుతున్నాయా? ఎవరో తన వెంటపడుతున్నారని అనుమానపడుతున్నాడా? వీటిలో కొన్ని ఉద్యోగం టెన్షన్ వల్ల కూడా రావచ్చు. కాబట్టి ముందే నేరం మోపకండి.

బడిపిల్లల సంగతి వేరు. అదే సర్వేలో వైటెనర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చడం 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు అదొక్కటే. హైస్కూల్లో ఐస్ ఫొటోలు చూపించి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. అక్కడ వైటెనర్ గురించి, అది అమ్మే కొట్టు గురించి మాట్లాడాలి.

ఐస్ అలవాటును మాన్పించే ప్రత్యేక మందు ఇంకా లేదు. కౌన్సెలింగే ప్రధాన చికిత్స. దానికి నెలలు పడుతుంది, మధ్యలో మళ్లీ జారిపోవచ్చు. అప్పుడు ఇంట్లోంచి వెళ్లగొడితే చికిత్స కూడా అక్కడితో ఆగిపోతుంది. పోలీసు కేసవుతుందని చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. కానీ మత్తుకు బానిసైన మనిషి వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం దొరికిన కేసులోనో తనంతట తాను చికిత్సకు వస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే వీలు మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్‌లో ఉంది. సలహా కోసం 14446కు ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే మత్తుమందులను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ నంబరు 1972.