హార్ప్ ముందు మైకు ఎక్కడ?

వ్యాఖ్యాత: సూటిగా అడిగేస్తాను. ఫోక్ హార్ప్‌కి, అంటే వేళ్లతో మీటే ఆ నిలువు తీగల వాద్యానికి, ఏ మైకు కొనాలి?

సౌండ్ ఇంజినీర్: రికార్డింగుకా, స్టేజీకా? ముందు అది తేల్చండి.

వ్యాఖ్యాత: ఒకే మైకుతో రెండూ కానియ్యలేమా?

హార్ప్ కళాకారిణి: (నవ్వుతూ) నేనూ అలాగే అనుకున్నానండీ. ఇంట్లో చక్కగా పలికిన కండెన్సర్‌నే, అదే, చిన్న శబ్దాన్నీ పట్టే సున్నితమైన మైకునే, స్టేజీ మీద నాకు మూడడుగుల దూరంలో పెట్టాను. మొదటి పాట సగంలోనే 'కూ...' అని మొదలైంది. వాయిస్తున్నది నేనా, స్పీకరా అనిపించింది!

ఇంజినీర్: హార్ప్ సౌండ్‌బోర్డు, అంటే తీగలు బిగించిన పలక, పలచని చెక్క కదా. స్పీకరు మోతకి అదీ ఊగుతుంది. ఆ ఊగుడునీ, స్పీకరు మోతనీ మైకు పట్టుకుని మళ్లీ స్పీకరుకే పంపుతుంది. అందుకే స్టేజీ మీద మైకు దగ్గరగా ఉండాలి. దూరం సగం చేస్తే వాద్యం నుంచి నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, అంత తగ్గించుకోవచ్చు. అలాగని కార్డియాయిడ్‌ని, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకుని, చెక్కకి ఆనించినట్టు పెడితే బాస్ ఉబ్బిపోతుంది. 34 తీగల హార్ప్ 65 హెర్ట్జ్ దాకా దిగుతుంది మరి.

కళాకారిణి: వెనక రంధ్రాల్లో పెట్టేవాళ్లున్నారు.

ఇంజినీర్: గట్టిగా వస్తుంది, కాదనను. కానీ డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. దానికన్నా లోపల ఒక పీజో పికప్, అంటే చెక్క ఊగుడుని పట్టే బిళ్ల, అతికించి, బాస్ దాన్నుంచి తీసుకుని, పై తీగలకి క్లిప్ మైకు వాడమంటాను. రెండూ కలిపాక సిగ్నల్‌ని తలకిందులు చేసే పోలారిటీ బటన్ నొక్కి చూడండి. బాస్ ఎటు నిండుగా ఉంటే అటే ఉంచేయండి.

వ్యాఖ్యాత: మరి రికార్డింగుకి?

ఇంజినీర్: అక్కడ ఆ 'కూ...' అనే ఫీడ్‌బ్యాక్ భయం లేదు, వెనక్కి జరగొచ్చు. చిన్న డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పొర) ఉన్న కండెన్సర్లు రెండు, మూడడుగుల దూరంలో. గది బాగుంటే అన్ని వైపులా వినే ఓమ్నీ పెట్టండి, దానికి దగ్గరికెళితే బాస్ ఉబ్బే గుణం లేదు. గది బాగాలేకపోతే మాత్రం కార్డియాయిడే.

కళాకారిణి: ఒక్క మాట. ఆ మైకులు అన్నీ వింటాయి. స్వరం మార్చే లివర్ టక్కుమన్నా, కుర్చీ కిర్రుమన్నా రికార్డయిపోతుంది. ఒకసారి మంచి టేక్ అంతా నా గాజుల పాలైంది.

వ్యాఖ్యాత: చేతిలో ఒక్క మైకుకే డబ్బుంటే?

కళాకారిణి: ఒక చిన్న కండెన్సర్. మైకుని కంప్యూటరుకి కలిపే మీ ఇంటర్‌ఫేస్, కండెన్సర్‌కి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తుందో లేదో చూసుకుని కొనండి.

ఇంజినీర్: నేనైతే అందులోనే కొంత మిగిల్చి మంచి బూమ్ స్టాండు కొంటాను. స్టాండు జారిపోతుంటే మైకుని ఇంకో చోట పెట్టి వినే ఓపిక ఎవరికుంటుంది?

వ్యాఖ్యాత: మైకు అడిగితే స్టాండు చెబుతున్నారే!

కళాకారిణి: నన్నడిగితే, కిర్రుమనని కుర్చీ కూడా.