నల్ల స్క్రీన్ వచ్చిందని లినక్స్ తీసేయకండి

యాంకర్: ఉబుంటు 22.04 అనే లినక్స్, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్. రాత్రి అప్‌డేట్ పెట్టారు. పొద్దున ఆన్ చేస్తే లోగో వచ్చి పోయింది. ఆ తర్వాత అంతా నలుపే, ఎడమ మూల చిన్న గీత మాత్రం మిణుకుమంటోంది. మొదట ఏం చేయాలండీ?

అడ్మిన్: ముందు పవర్ బటన్ మీంచి చెయ్యి తీయండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్‌ఎన్ కూడా కలపాలి. లాగిన్ అడుగుతూ అక్షరాలొచ్చాయా, సగం భయం తీరినట్టే. కెర్నల్, అంటే ఓఎస్ గుండెకాయ, నడుస్తోంది, డిస్క్ మౌంట్ అయింది, పడిపోయింది పైనున్న గ్రాఫిక్స్ పొర ఒక్కటే. ఈ సంగతి తెలియక ఓఎస్ మొత్తం మళ్లీ ఎక్కించేస్తారు. ఆ తొందరలో పోయే ఫైళ్లే ఎక్కువ.

యాంకర్: పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు కదా అక్కడ.

అడ్మిన్: పడవు. కొట్టేసి ఎంటర్ నొక్కండి. ఇంకో మాట, తెలుగులో వాడేవాళ్లు ముఖ్యంగా వినండి. సిస్టమ్ భాష తెలుగు పెట్టుకుంటే ఈ నల్ల కన్సోల్‌లో, అంటే అక్షరాలు మాత్రమే వచ్చే తెరలో, ఎర్రర్ మెసేజీలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఆ కన్సోల్ ఫాంటుకి మన ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపించడం రాదు. ఎక్స్‌పోర్ట్, ఖాళీ, లాంగ్ ఈక్వల్స్ సీ అని కొట్టండి, లాంగ్ మాత్రం పెద్దక్షరాల్లో, సీ కూడా పెద్దదే. మెసేజీలు ఇంగ్లిష్‌లోకి వస్తాయి, చదువుకోవచ్చు.

యాంకర్: ఇక డ్రైవర్ సంగతి చూడాలా?

అడ్మిన్: ఆగండి. ముందు డీఎఫ్ హైఫన్ హెచ్ అని కొట్టండి. డిస్క్ నిండిందేమో చూడాలి. చివర స్లాష్ ఒక్కటే ఉన్న వరుసలో వంద శాతం కనిపిస్తే డ్రైవర్‌ని ముట్టుకోవద్దు. లినక్స్ డిస్కుల్లో ఫైళ్లు దాచే పద్ధతి ఈఎక్స్‌టీ4లో మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం, అంటే అన్ని అధికారాలున్న యూజర్ కోసం, పక్కన పెట్టి ఉంటుంది. అంటే 100 జీబీ పార్టిషన్‌లో దాదాపు 5 జీబీ. డిస్క్ నిండినా రూట్ సర్వీసులు నడుస్తుంటాయి, మామూలు యూజర్ మాత్రం ఒక్క చిన్న ఫైల్ కూడా రాయలేడు. డెస్క్‌టాప్ సెషన్ మొదలవ్వాలంటే కొన్ని ఫైళ్లు రాయాల్సిందే. అక్కడే ఆగిపోతుంది.

యాంకర్: ఖాళీ ఎలా చేయాలి?

అడ్మిన్: సుడో ఆప్ట్ క్లీన్ (సుడో అంటే రూట్ అధికారంతో నడిపించడం). దించుకున్న ప్యాకేజీలన్నీ పోతాయి. తర్వాత సుడో జర్నల్‌సీటీఎల్, రెండు హైఫన్లు, వాక్యూమ్ హైఫన్ సైజ్ ఈక్వల్స్ 200ఎమ్. పాత లాగ్‌లు తగ్గుతాయి. ఈ రెండింటితో డెస్క్‌టాప్ తెరుచుకునేంత చోటు వస్తే చాలు, మిగతా శుభ్రం లోపలికెళ్లాక చేసుకోవచ్చు.

యాంకర్: డిస్క్‌లో చోటుంది, అయినా తెర రావట్లేదు.

అడ్మిన్: అప్పుడు లాగ్. జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ పీ ఎర్ర్. ఈసారి బూట్‌లో వచ్చిన తప్పులే చూపిస్తుంది. మీరప్పటికే రీస్టార్ట్ చేసి ఉంటే హైఫన్ బీ తర్వాత ఖాళీ ఇచ్చి హైఫన్ 1 పెట్టండి, కిందటి బూట్ లాగ్ వస్తుంది. దాని వెంటే రెండు కమాండ్లు: యూనేమ్ హైఫన్ ఆర్, డీకేఎమ్‌ఎస్ స్టేటస్. మొదటిది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చెబుతుంది. రెండోది ఎన్‌విడియా మాడ్యూల్, అంటే కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క, ఏ కెర్నల్‌కి తయారైందో చెబుతుంది. మొదటి నంబర్ రెండోదాంట్లో లేకపోతే దొంగ దొరికినట్టే. చాలాసార్లు జరిగేది ఇదే: కొత్త కెర్నల్ వచ్చింది, దానికి మాడ్యూల్ తయారుచేయడానికి కావాల్సిన హెడర్స్ ఫైళ్లు రాలేదు, అందుకని మాడ్యూల్ తయారవ్వలేదు.

యాంకర్: మామూలుగా లినక్స్‌తో వచ్చే నూవో డ్రైవర్ ఉంటుంది కదా, అది ఆదుకోదా?

అడ్మిన్: ఎన్‌విడియా డ్రైవర్ ఎక్కించినప్పుడే నూవోని బ్లాక్‌లిస్ట్‌లో, అంటే లోడ్ కానివ్వని జాబితాలో, పెట్టేస్తుంది. కాబట్టి ఇదీ లేదు, అదీ లేదు. హెడర్స్ కోసం సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్, ఆ తర్వాత మీ కెర్నల్ వెర్షన్. అది అయ్యాక సుడో డీకేఎమ్‌ఎస్ ఆటోఇన్‌స్టాల్, మాడ్యూల్ తయారుచేసేది అదే. నెట్ కావాలంటే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, వైఫై కమాండ్లతో కుస్తీ పట్టక్కర్లేదు.

యాంకర్: అసలు ఎఫ్3 నొక్కినా ఏమీ రాకపోతే?

అడ్మిన్: రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారే నొక్కండి. పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకోవాలి. ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి కిందటి కెర్నల్ ఎంచుకోండి. దాంతో డెస్క్‌టాప్ వచ్చిందంటే కార్డు బాగానే ఉందని తేలిపోయింది. కానీ ఇక్కడో మెలిక ఉంది. పాత కెర్నల్‌లో కూర్చుని యూనేమ్ కొడితే పాత నంబరే వస్తుంది. దాన్ని చూసి హెడర్స్ దించుకుంటే కొత్త కెర్నల్ అలాగే మిగిలిపోతుంది. హెడర్స్‌కి కొత్తదాని నంబరే ఇవ్వాలి, డీకేఎమ్‌ఎస్ ఆటోఇన్‌స్టాల్‌కి కూడా హైఫన్ కే పెట్టి అదే నంబర్ ఇవ్వాలి.

యాంకర్: మాడ్యూల్ తయారైంది, అయినా లోడ్ అవ్వదు. అలా కూడా చూస్తుంటాం.

అడ్మిన్: సుడో మాడ్‌ప్రోబ్ ఎన్‌విడియా కొట్టి చూడండి. కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అని వస్తే అది సెక్యూర్ బూట్ పని, నమ్మకమైన సంతకం లేనిదాన్ని ఎక్కనివ్వని రక్షణ అది. మాడ్యూల్ మీది సంతకానికి సరిపోయే కీ నమోదు కాలేదు, అందుకని కెర్నల్ దాన్ని ఒప్పుకోవట్లేదు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, రీబూట్‌లో నీలం తెర వస్తుంది. చాలామంది దాన్ని చూసి బెదిరి కంటిన్యూ బూట్ నొక్కేస్తారు. అక్కడ నొక్కాల్సింది ఎన్‌రోల్ మాక్, ఆ కీని నమోదు చేసేది అదే. సుడో అప్‌డేట్ హైఫన్ సెక్యూర్‌బూట్ హైఫన్ పాలసీ, రెండు హైఫన్లు, ఎన్‌రోల్ హైఫన్ కీ అంటే ఆ అవకాశం మళ్లీ వస్తుంది. సెక్యూర్ బూట్‌ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేనైతే ఇవ్వను, రెండు నిమిషాల పనికి ఉన్న రక్షణ తీసేయడం ఎందుకు?

యాంకర్: లాగిన్ తెర వస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, మళ్లీ అదే లాగిన్ తెర.

అడ్మిన్: పాస్‌వర్డ్ తప్పైతే తప్పని చెబుతుంది. చెప్పకుండా తిరిగొచ్చిందంటే సెషన్ మొదలై పడిపోయిందని అర్థం. ఎఫ్3 కన్సోల్‌లో ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ఏ కొట్టి, చుక్కతో మొదలయ్యే ఎక్స్ అథారిటీ ఫైల్, అంటే తెర వాడుకునే అనుమతి దాచే ఫైల్, ఎవరి పేరున ఉందో చూడండి. ఎప్పుడో సుడోతో గ్రాఫిక్స్ ప్రోగ్రాం నడిపితే అది రూట్ పేరున మారిపోవచ్చు. సుడో ఆర్‌ఎమ్‌తో తీసేయండి, దాన్ని వాడే సెషన్ అయితే మీ పేరున కొత్తది పుడుతుంది. అది సరిగ్గానే ఉంటే, లాగిన్ అప్పుడు నడిచే ప్రొఫైల్, బాష్‌ఆర్‌సీ ఫైళ్లలో ఈమధ్య మీరు చేర్చిన వరుసలు చూడండి. ప్రొఫైల్‌లో ఒక్క ఎగ్జిట్ చాలు, సెషన్ అక్కడికక్కడే ముగుస్తుంది.

యాంకర్: కెర్నల్ గ్రాఫిక్స్ మోడ్ మార్చకుండా ఆపే నోమోడ్‌సెట్ అనే మాట గ్రబ్‌లో పెట్టమని అందరూ అంటారు. మీరింతవరకూ ఆ పేరే ఎత్తలేదు.

అడ్మిన్: కావాలనే. గ్రబ్‌లో ఈ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర దాన్ని చేర్చి ఎఫ్10 కొడితే ఒక్క బూట్‌కి పనిచేస్తుంది. లోపలికి వెళ్లి డ్రైవర్ సరిచేసుకోవడానికి మంచి దారి. శాశ్వతంగా వదిలేస్తే మాత్రం రిజల్యూషన్ సరిగ్గా ఉండకపోవచ్చు, వీడియో నత్తనడక నడవొచ్చు. రిపేరయ్యాక అది లేకుండా బూట్ చేసి, ఎన్‌విడియా హైఫన్ ఎస్‌ఎమ్‌ఐ కొట్టండి. కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్ పట్టికలో కనిపించాలి. కనిపించకపోతే డీకేఎమ్‌ఎస్ స్టేటస్ దగ్గరికే వెనక్కి వెళ్లండి.