సిమ్యులేటరా, ఎమ్యులేటరా? యాప్ టెస్టింగ్‌కు ఏది ఎంతవరకు పనికొస్తది

అందరికీ నమస్తే. నల్గొండ నుంచి మాట్లాడుతున్న. ఈ వీడియోలో ఫోన్ లేకుండనే కంప్యూటర్‌లో యాప్ నడిపి చూసే రెండు టూల్స్ చూద్దాం. ఒకటి ఐఫోన్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్‌తో వచ్చే ఐఓఎస్ సిమ్యులేటర్, ఇంకోటి ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చే ఎమ్యులేటర్. రెండూ ఫ్రీనే. మహాత్మాగాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో చదువుకుంట టెస్టింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ వీడియో పూర్తిగా చూడండి. స్క్రీన్ మీద రెండూ ఫోన్ బొమ్మలాగనే కనబడ్తయి గాని, లోపల జరిగే పని పూర్తిగా వేరే.

ముందు సిమ్యులేటర్. ఇది మ్యాక్ మీదనే నడుస్తది, విండోస్‌కు రాదు. దీంట్లో ఐఫోన్ చిప్ అంటూ ఏం ఉండదు. మీ యాప్‌ను మ్యాక్ మీద నడిచేటట్టు కంపైల్ చేసి, అంటే మెషీన్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చి, మ్యాక్‌లో ఒక మామూలు ప్రోగ్రామ్‌లాగనే నడిపిస్తది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపించే యాక్టివిటీ మానిటర్ తెరిచి చూడండి, మీ యాప్ పేరు అండ్లనే ఉంటది. అందుకే జల్ది ఓపెన్ అయితది. చిన్న స్క్రీన్‌లో తెలుగు లైన్ కట్ అయితున్నదా, డార్క్ మోడ్‌లో అక్షరం కనబడ్తున్నదా, ఇట్లాంటివి చూసుకోవడానికి నాకైతే ఇదే ఇష్టం.

2018 ఫిబ్రవరిల ఏమైందో గుర్తుందా? మన 'జ్ఞా' అక్షరం మధ్యలో ఒక కనబడని క్యారెక్టర్ కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయినయి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసిన్రు. అదే అక్షరం మ్యాక్‌లో యాప్‌లను కూడా పడగొట్టింది, ఎందుకంటే అక్షరాలు గీసే కోడ్ రెండింటికీ ఒకటే. ఇట్లాంటి తప్పు దొరకాలంటే చేతిలో ఫోనే ఉండాల్నని లేదు. కోడ్ ఒక్కటే అయిన చోట సిమ్యులేటర్ మాట నమ్మొచ్చు.

కోడ్ ఒక్కటే గాని కింద ఉన్న మెషీన్ వేరే అయిన చోట మాత్రం నమ్మొద్దు. మీకు చూపిస్తా. ఇమేజ్ ఫైల్ పేరు క్యాపిటల్ 'బీ'తో ఉంది, కోడ్‌లో స్మాల్ 'బీ' రాసినం. సిమ్యులేటర్‌లో ఫొటో మంచిగ కనబడ్తది. అదే యాప్‌ను ఐఫోన్‌లో వేస్తే ఫొటో ఉండాల్సిన జాగ ఖాళీ. మ్యాక్ ఫైల్ సిస్టమ్ మామూలు సెట్టింగ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోదు, ఐఫోన్ పట్టించుకుంటది. మెమరీ కూడా అంతే. సిమ్యులేటర్ వాడేది మ్యాక్ ర్యామ్. పెద్ద ఫొటోలు వరుసగా లోడ్ చేసినా తట్టుకుంటది. అసలు ఫోన్ అయితే యాప్‌ను మధ్యలోనే మూసేస్తది.

ఇప్పుడు ఎమ్యులేటర్. దీని పునాది క్యూఈఎమ్‌యూ అనే సాఫ్ట్‌వేర్. ఇది ఒక మొత్తం మెషీన్‌నే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేస్తది. దాని మీద కెర్నల్‌తో సహా, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే లోపలి భాగంతో సహా, పూర్తి ఆండ్రాయిడ్ బూట్ అయితది. బ్యాటరీ 5 శాతానికి దించొచ్చు, ఎస్ఎంఎస్ పంపొచ్చు, కాల్ వచ్చినట్టు చేయొచ్చు, నెట్‌వర్క్‌ను పాత స్లో నెట్ అయిన ఎడ్జ్‌కు తగ్గించొచ్చు. ర్యామ్ 2 జీబీ పెట్టి, పాత ఆండ్రాయిడ్ ఇమేజ్, అంటే ఆ వర్షన్ మొత్తం ఉన్న ఫైల్, వేసి నడపొచ్చు. మన ఊర్లల్లో పాత ఫోన్లు ఇంకా చానా మంది దగ్గర ఉన్నయి, కాబట్టి ఈ ఒక్క పని కోసమైనా ఎమ్యులేటర్ నేర్చుకోండి.

లొకేషన్ ఇచ్చేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆదేశాలు పంపే ఏడీబీ అనే టూల్‌లో కమాండ్ 'ఏడీబీ ఈమ్యూ జియో ఫిక్స్ 79.27 17.05'. ముందు లాంగిట్యూడ్, తర్వాత ల్యాటిట్యూడ్. ఇట్ల కొడితే నల్గొండ వస్తది. తిరగేసి కొడితే నార్వేకు పైన, ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న స్వాల్బార్డ్ దీవులకు పోతది. మ్యాప్ తెల్లగ కనబడితే యాప్‌ది తప్పు అని బగ్ రాయకండి, ముందు ఈ రెండు నంబర్లు చూడండి.

ఎమ్యులేటర్ అన్నంక ఫోన్ చిప్ కూడా అచ్చంగ దిగుతదని అనుకోవద్దు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో మనం వేసుకునేది ఎక్స్86 ఇమేజ్, అంటే ఇంటెల్ రకం చిప్ కోసం చేసిన ఆండ్రాయిడ్. స్పీడ్ కోసం వర్చువలైజేషన్ వాడుతది, అంటే ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీదనే నేరుగా నడుస్తది. అది బయోస్‌లో, అంటే ల్యాప్‌టాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే సెట్టింగ్‌లలో, ఆన్ చేయకపోతే చాలా స్లో అయితది. ఫోన్లలో ఉండేవి మాత్రం ఎక్కువగా ఆర్మ్ అనే వేరే రకం చిప్‌లు. యాప్‌లో నేటివ్ లైబ్రరీలు, అంటే నేరుగా చిప్ మీద నడిచే కోడ్, ఉంటే ఆ తేడా అసలు ఫోన్‌లోనే బయటపడ్తది.

కెమెరా సంగతి కూడా చెప్తా. బత్తాయి ఆకు ఫొటో తీస్తే తెగులు చెప్పే యాప్ చేస్తున్నరనుకోండి. ఎమ్యులేటర్‌లో వెనక కెమెరా తెరిస్తే ఒక గది కనబడ్తది. అది బొమ్మ గది. మే నెల ఎండలో, గాలికి ఊగే కొమ్మ దగ్గర, గీతలు పడ్డ లెన్స్‌తో రైతు తీసే ఫొటో అండ్ల రాదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది వేలిముద్ర. ఎమ్యులేటర్‌లో ఫింగర్‌ప్రింట్ అని ఒక పేజీ ఉంటది, 'టచ్ సెన్సర్' అని బటన్ నొక్కితే ఆ వేలు సెన్సర్‌ను తాకినట్టే. రిజిస్టర్ చేసిన వేలు అయితే వెంటనే పాస్. రేషన్ షాపులో ఈపాస్ మెషీన్ ముందట నిలబడ్డ అవ్వను యాద్ చేసుకోండి. ఏండ్ల తరబడి పత్తి ఏరిన, సిమెంటు పని చేసిన చేతులు, వేలి గీతలు అరిగిపోయి ఉంటయి. మళ్లీ పెట్టు, తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు అంటరు. బియ్యం సంచి పట్టుకొని ఆమె అట్లనే నిలబడ్తది. అట్లాంటి మెషీన్‌కు సాఫ్ట్‌వేర్ రాసేటోళ్లు ఎమ్యులేటర్‌లో పాస్ అయింది అని సంతకం పెట్టొద్దు. నిజమైన సెన్సర్, నిజమైన చేతులు కావాలి. వేలు పడకపోతే ఓటీపీ స్క్రీన్ ఎంత జల్ది వస్తదో కూడా టెస్ట్ చేయాలి.

మరి మీరు ఏం చేయాలి? ఎమ్యులేటర్‌కు గూగుల్ చెప్పేది 16 జీబీ ర్యామ్. మన దగ్గర చానా మందివి 8 జీబీ ల్యాప్‌టాప్‌లు. అట్లయితే ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కు యూఎస్‌బీ డీబగ్గింగ్ (కేబుల్‌తో కంప్యూటర్ నుంచి యాప్ నడిపే సెట్టింగ్) ఆన్ చేసి, కేబుల్ పెట్టి రోజూ అండ్లనే నడపండి. ఎమ్యులేటర్‌ను పాత వర్షన్లు చూసేటప్పుడు మాత్రం తెరవండి. మ్యాక్ ఉన్నోళ్లు స్క్రీన్ పని అంతా సిమ్యులేటర్‌లో చేసుకొని, రిలీజ్‌కు ముందు ఐఫోన్ ఒకటి అడిగి తెచ్చుకొనైనా నడపండి. రిపోర్ట్‌లో 'ఎక్కడ నడిపినం' అని ఒక కాలమ్ పెట్టి, సిమ్యులేటర్ అయితే సిమ్యులేటర్ అనే రాయండి. ఐఫోన్ అని రాస్తే చదివేటోళ్లు ఐఫోన్ అనే నమ్ముతరు.

మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ ఏంది, ర్యామ్ ఎంత ఉందో కామెంట్‌లో పెట్టండి. దానికి ఏ ఇమేజ్ వేసుకోవాల్నో ఒక్కొక్కరికీ జవాబిస్తా.