ఒంగోలు గిత్త తెల్లగా ఎందుకు రాలేదు? నీటి రంగుల క్లాసులో సగంలో ఉన్న బొమ్మలు

నమస్కారం అండీ. ఇవి ఒంగోలులో ఆదివారాలు జరిగే నీటి రంగుల క్లాసులో వేస్తున్న బొమ్మలు. ఒక్కటీ పూర్తి కాలేదు, చుట్టూ అంటించిన టేపు కూడా ఇంకా తీయలేదు. కావాలనే ఇప్పుడు చూపిస్తున్నాం. పూర్తయిన బొమ్మలో ఏ రంగు ముందు పడిందో, ఎంత తడి మీద పడిందో కనిపెట్టడం కష్టం. సగంలో ఉంటే అంతా బయటే ఉంటుంది, సరిచేసుకోవడానికీ వీలుంటుంది. వేసినవాళ్ళ అనుమతి తీసుకున్నాం. పేర్లు మాత్రం చెప్పడం లేదు.

ముందు ఈ గిత్తను చూడండి. పెన్సిల్ గీత చాలా బాగుంది. మూపురం నిటారుగా, రెండు పక్కలా నిండుగా ఉంది. గంగడోలు మడతలు కూడా ఓపిగ్గా గీశారు. కొమ్ములు మాత్రం పొడుగై పైకి వంపు తిరిగాయి. మన ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉండి, బయటికీ వెనక్కీ పోతాయి. రంగు ఇంకా అక్కడికి రాలేదు కాబట్టి మెత్తటి రబ్బరుతో ఇప్పుడే చెరిపేయొచ్చు. గట్టిగా రుద్దితే కాగితం పైపొర లేచిపోతుంది, తర్వాత రంగు వేసినప్పుడు ఆ చోట నల్లగా పట్టేస్తుంది. మెల్లిగా అద్ది తీయండి.

అసలు సమస్య రంగుది. గిత్త తెల్లగా ఉండాలని ఒళ్ళంతా వదిలేసి, చుట్టూ బూడిద రంగుతో గీత గీశారు. అందుకే అది కత్తిరించి అంటించినట్టు కనబడుతోంది. నీటి రంగుల్లో తెలుపంటే కాగితమే. ఆ కాగితం తెల్లగా కనబడాలంటే పక్కనున్నది దానికంటే ముదురుగా ఉండాలి. ఇక్కడ వెనకంతా ఖాళీగా ఉంది. తెలుపు పక్కన తెలుపు పెడితే ఏదీ తెల్లగా అనిపించదు కదా! వీపు వెనక చెట్లో, మట్టిగోడో ఒక మధ్యస్థమైన రంగు రానివ్వండి, ఆ గీత అక్కర్లేకుండానే గిత్త ముందుకొస్తుంది.

ఇక నీడలు. ట్యూబులోని నలుపును నీళ్ళతో పలచన చేసి పొట్ట కింద వేశారు. ఆ నలుపు ఆరాక నిర్జీవంగా ఉంటుంది. దాని బదులు అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం) రెండు పాళ్ళు, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) ఒక పాలు కలపండి. నీలం వైపు మొగ్గే బూడిద రంగు వస్తుంది, ఎండలో ఉన్న తెల్లటి పశువు మీద నీడ అలాగే ఉంటుంది. అది మూపురం కింద, గంగడోలు మడతల్లో, డొక్క దిగువన వేయండి. తడి ఉండగానే పొట్ట అడుగున కొంచెం యెల్లో ఓకర్ (మట్టి పసుపు) తాకించండి. ఎండ నేల మీద పడి కిందినుంచి పొట్టకు తగిలే వెలుగు అది. ఈ ఒక్క చుక్కతో గిత్త నేల మీద నిలబడుతుంది. మొత్తం మీద ఒంట్లో సగానికి పైగా కాగితం ఖాళీగా మిగలాలి. మగవాటికి తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ ఉంటుంది, కంటి చుట్టూ నలుపు ఉంటుంది. అవి చివర్లో, కాగితం పూర్తిగా ఆరాక.

నీడ అంచు ఒక పక్క గట్టిగా, రెండో పక్క మెత్తగా కరిగిపోవాలి. దానికి రంగు వేసిన వెంటనే ఇంకో శుభ్రమైన బ్రష్‌ను నీళ్ళలో ముంచి, గుడ్డ మీద రెండుసార్లు తుడిచి, అంచు వెంబడి ఒక్కసారి నడపాలి. ఆ తుడవడం మానేస్తేనే చిక్కు. ఎందుకో రెండో బొమ్మలో తెలుస్తుంది.

ఇది కొత్తపట్నం సముద్రం, పైన ఆకాశం. ఆకాశంలో ఇక్కడ అంచులు పళ్ళు పళ్ళుగా ఉన్న మరకలు చూశారా? రంగు వేశారు, బాగానే పరుచుకుంది. ఎక్కడో పలచగా అనిపించింది, ఇంకా నీళ్ళున్న బ్రష్‌తో మళ్ళీ వెళ్ళారు. అప్పటికే కాగితం సగం ఆరింది. ఎక్కువ నీళ్ళు తక్కువ తడి ఉన్నవైపు పరిగెత్తుతాయి, దారిలోని రంగు రేణువుల్ని తోసుకుపోయి అంచున పోగేస్తాయి. ఆ పళ్ళ మరక అదే.

కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా వంచి చూస్తే దాని తడి తెలుస్తుంది. నీళ్ళు నిలిచి కదులుతుంటే ఆగండి, లేదా మూలనుంచి టిష్యూతో పీల్చేయండి. సమానంగా తళతళలాడుతుంటే రంగులోకి రంగు వదలడానికి అదే అదను. తళుకు పోయి మసకబారిందంటే బ్రష్ కింద పెట్టేయండి. ఈ దశలోనే ఎక్కువ బొమ్మలు చెడతాయి. తర్వాత చేతి వెనక భాగాన్ని కాగితానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. చల్లదనం పోయాకే రెండో పొర. రోహిణి కార్తె ఎండల్లో, పైన ఫ్యాను తిరుగుతుంటే, మసకబారే దశ చూస్తుండగానే వచ్చేస్తుంది. అందుకే ఆకాశం వేసేటప్పుడు ఫ్యాను ఆపండి, కాగితానికి వెనక వైపు కూడా నీళ్ళు పూయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో, వ్యవహారం తలకిందులు. అప్పుడు ఆరదు, తొందరపడి రెండో పొర వేస్తే కింది పొర లేచి కలిసిపోతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, తళుకు పోయాక మాత్రమే, జానెడు దూరం నుంచి.

ఈ ఆకాశాన్ని ఇప్పుడు ఏం చేయాలి? ముందు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత అంగుళం వెడల్పు బ్రష్‌తో శుభ్రమైన నీళ్ళు ఆకాశం మొత్తానికి పూసి, గట్టి అంచుల్ని తడి బ్రష్‌తో మెల్లగా కరిగించి, టిష్యూతో అద్దండి. ఇక్కడ వాడింది అల్ట్రామెరీన్ కాబట్టి చాలావరకు లేస్తుంది. థాలో బ్లూ అయితే కాగితానికి మరక పట్టేస్తుంది, అప్పుడు ఆ చోటును మేఘంగా మార్చుకోవడమే మేలు. పడవలు బాగున్నాయి. కింద ఇసుక మీద నీడ పడితే చాలు.

మూడోది పొగాకు చేను, వెనక బేరన్, అంటే పొగాకు ఆకును ఆరబెట్టే కొట్టం. ఇటుక గోడ రంగు చక్కగా కుదిరింది. చేను మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ట్యూబులోంచి వచ్చిన పచ్చే. లెమన్ యెల్లోలో అల్ట్రామెరీన్ కలిపి పచ్చ చేసుకోండి, దానికి రవ్వంత బర్న్ట్ సియెన్నా తగిలించండి. దగ్గరి ఆకుల్లో పసుపు ఎక్కువ, దూరం వెళ్ళేకొద్దీ నీలం ఎక్కువ, నీళ్ళూ ఎక్కువ. ఇక్కడ ముందు వరసలో బురదగా ఉన్నచోట కాగితం నూగు లేచింది. తడి మీద నాలుగైదుసార్లు రుద్దారు. పలచటి మామూలు కాగితం అంత రుద్దుడు తట్టుకోదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), వీలైతే వంద శాతం కాటన్ కాగితం తీసుకోండి. ఖరీదే, కానీ ఒక షీటును నాలుగు ముక్కలు చేసి రెండు వైపులా వాడుకోవచ్చు. మంచి రంగులు, నాసి కాగితం కంటే మామూలు రంగులు, మంచి కాగితం నయమని గట్టిగా చెబుతాం.

నాలుగోది చీమకుర్తి గ్రానైట్ దిమ్మె. నల్లరాయి, లోపల బంగారు చుక్కలు. ఎంచుకోవడమే సాహసం! కానీ రాయి బూడిద రంగులో మిగిలిపోయింది. నీటి రంగు ఆరాక తేలికపడుతుంది, తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపిస్తే ఆరాక సరిపోదు. ఆకాశానికి మజ్జిగతేటలా ఉన్న రంగు చాలు, ఈ రాయికి పెరుగులా చిక్కగా కావాలి. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నాలే దాదాపు నీళ్ళు లేకుండా కలిపి ఒక్క పొరలో వేయండి, ట్యూబు నలుపు కంటే లోతుగా ఉంటుంది.

చుక్కల కోసం ముందే మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితాన్ని కప్పి ఉంచే జిగురు) చల్లారు, మంచి ఆలోచన. బ్రష్‌ను సబ్బునీళ్ళలో ముంచి వాడితే వెంట్రుకలు గట్టిపడవు. పాత టూత్‌బ్రష్‌తో చల్లితే ఇంకా సులువు. అయితే దీన్ని ఎండలో ఆరబెట్టారు. వేడికి ఆ జిగురు కాగితాన్ని పట్టేసింది, తీస్తే కాగితం కూడా ఊడివస్తోంది. ఇక లాగకండి. ఉన్నదాన్ని అలాగే ఉంచి, తెల్ల గ్వాష్‌లో (కింది రంగు కనబడనివ్వని చిక్కటి నీటి రంగు) యెల్లో ఓకర్ కలిపి చుక్కలు పెట్టేయండి.

చివరగా ఈ షీటు. మొదటి పొర వేయగానే రంగు చుక్కలు చుక్కలుగా ఇంకిపోయింది. ఇది వేసినవాళ్ళ తప్పు కాదు. కాగితం నీళ్ళను వెంటనే పీల్చకుండా తయారీలోనే జిగురు పూత పూస్తారు. వానాకాలం తేమలో, బూజులో ఆ పూత దెబ్బతింటుంది. పైకి ఏమీ కనబడదు, నీళ్ళు తగిలితేనే బయటపడుతుంది. ఇది బాగుపడదు, బొగ్గుతో బొమ్మలకో, గ్వాష్‌కో వాడేయండి. మిగిలిన కట్టను గాలి చొరని కవర్లో, సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకు ఆనకుండా బల్లపరుపుగా పెట్టండి. వానలు మొదలయ్యాక ప్రతి కొత్త షీటు మీదా ముందు ఒక మూల చుక్క నీళ్ళు వేసి చూడండి. చుక్క కాసేపు పైన నిలబడితేనే పెన్సిల్ తీయండి.