అడవి కోత, ఆలస్యపు ప్రేమ: 1936 నాటి ‘కమ్ అండ్ గెట్ ఇట్’పై చర్చ

సంధానకర్త: నమస్కారం. ఈ వారం 1936లో హాలీవుడ్ నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ తీసిన ‘కమ్ అండ్ గెట్ ఇట్’ సినిమా గురించి మాట్లాడుకుందాం. కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పండి మేడమ్.

విమర్శకురాలు: 1884, అమెరికాలోని విస్కాన్సిన్ అడవులు. కోత కూలీల మేస్త్రీ బార్నీ గ్లాస్గో మద్యశాలలో పాడే లోటాను ప్రేమిస్తాడు. యజమాని కూతుర్ని చేసుకుంటే వ్యాపారంలో వాటా వస్తుందని ఆమెను వదిలేస్తాడు. లోటాను బార్నీ మిత్రుడు స్వాన్ పెళ్లాడతాడు. రెండు దశాబ్దాలు దాటాక బార్నీ వెళ్లి చూస్తే లోటా లేదు. అచ్చం ఆమెలాగే ఉన్న కూతురుంది, పేరూ లోటాయే. ఇక బార్నీకి మతి నిలవదు. తీరా ఆ అమ్మాయి మనసు పడింది బార్నీ కొడుకు మీద.

సంధానకర్త: తల్లీకూతుళ్లుగా ఇద్దరూ ఫ్రాన్సిస్ ఫార్మరే కదా?

విమర్శకురాలు: అవునండీ. మేకప్ కంటే గొంతుతోనే తేడా చూపించింది. తల్లి పాత్రలో ‘ఆరా లీ’ పాట కింది స్థాయిలో, కాస్త బొంగురుగా పాడుతుంది. ఆ బాణీ మనవాళ్లకూ తెలిసిందే, 1956లో ఎల్విస్ ప్రెస్లీ ‘లవ్ మీ టెండర్’గా పాడింది దాన్నే.

సంధానకర్త: సార్, కలప పని మీకు తెలిసిన విద్య. తెరమీద అడవి పని నిజంగా ఉందా?

కలప నిపుణుడు: ఉంది. ఆ దృశ్యాలు తీసింది ప్రధాన దర్శకులు కాదు, రిచర్డ్ రాసన్. చెట్టు పడే దృశ్యం చూసేటప్పుడు మొదలు దగ్గర గాటు ఎటు ఉందో గమనించండి. పడాల్సిన వైపు ముందు గాటు పెడతారు. తర్వాత వెనకనుంచి ఇద్దరు మనుషులు రంపం లాగుతారు. రెంటికీ నడుమ రెండంగుళాల కలప కోయకుండా వదలాలి. తలుపుకు బందులాగా చెట్టును దారిలో వంచేది అదే. తొందరపడి అదీ కోసేశారంటే మాను మొద్దు మీద మెలి తిరిగి ఎటు పడుతుందో చెప్పలేం. రంపం బిగుసుకోకుండా వెనక ఇనుప చీలలు (వెడ్జీలు) కొడతారు. పైన్ జిగురు పళ్లకు పట్టకుండా కిరసనాయిలు రాస్తారు.

ఎడిటర్: కోత చలికాలంలోనే ఎందుకు సార్?

కలప నిపుణుడు: మంచుబాట కోసం. రాత్రిపూట నీళ్ల ట్యాంకుతో దారంతా తడిపితే తెల్లారేసరికి గాజులా గడ్డకడుతుంది. దాని మీద పెద్ద బరువునైనా గుర్రాలు లాగేస్తాయి. చిక్కంతా దిగుడు దగ్గరే, బండి గుర్రాల మీదికి దూసుకొస్తుంది. అందుకే అక్కడ గడ్డి పరుస్తారు. ఒడ్డున పేర్చిన దుంగల్ని వసంతంలో నదిలోకి వదులుతారు. ఒకే నదిలో నాలుగైదు కంపెనీల సరుకు కలుస్తుంది కనక, ప్రతి దుంగ చివర సుత్తితో యజమాని గుర్తు వేస్తారు. మన గోదావరిలో కలపను తెప్పలు కట్టి రాజమండ్రికి దించేవాళ్లు. విస్కాన్సిన్‌లో విడివిడిగానే వదిలేవాళ్లు, కాబట్టి ఒక్కటి అడ్డం పడితే వెనకవన్నీ గుట్టవుతాయి. ఆ మొదటి దుంగను వెతికి కదపాలి, కదలకపోతే డైనమైట్.

ఎడిటర్: ఆ దుంగల దృశ్యాలే నాకు సినిమా మొత్తంలో ఉత్తమం. ఎడిటింగ్‌లో ఎడ్వర్డ్ కర్టిస్‌కు ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు. తర్వాత డ్రాయింగ్‌రూమ్‌లోకి వచ్చాక కథ నీరసపడుతుంది. హోవర్డ్ హాక్స్‌ను గోల్డ్‌విన్ మధ్యలో తప్పించి, విలియం వైలర్‌తో పూర్తి చేయించాడు. వైలర్‌కు ఇష్టం లేదు. ఆ అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

విమర్శకురాలు: అతుకు ఉందనుకోండి, కానీ నీరసం అనను. నరికేసి ముందుకు పోవడమే బార్నీ తత్వం. చెట్టుతోనూ, లోటాతోనూ అంతే. అది అడవిలో చూశాం కాబట్టే గదిలో అతని తడబాటు అర్థమవుతుంది. బార్నీగా వేసిన ఎడ్వర్డ్ ఆర్నాల్డ్ అది పట్టుకున్నాడు.

సంధానకర్త: స్వాన్ పాత్రకు వాల్టర్ బ్రెనన్...

ఎడిటర్: సహాయ నటుడి ఆస్కార్ అప్పుడే మొదలైంది, మొట్టమొదటిది అతనికే. ఆ ఏడాది సహాయ నటులకు బొమ్మ ఇవ్వలేదు, పలక ఇచ్చారు. స్వీడిష్ యాస కొంచెం ఎక్కువైందనిపిస్తుంది గానీ, మనిషి మంచితనం నమ్మించాడు.

సంధానకర్త: ఇంతకీ ఆ పేరు?

విమర్శకురాలు: కూలీల శిబిరంలో వంటవాడి కేక అది, అన్నాలకు రమ్మని. చివర్లో తండ్రీకొడుకులు తలపడితే లోటా అడ్డొస్తుంది, ‘కొట్టకు, ఆయన ముసలివాడు’ అని. ఆ మాటకి బార్నీ ఆగిపోతాడు. బయట విందుకొచ్చిన అతిథులున్నారు. వెళ్లి ఇనుప త్రికోణం గణగణా వాయిస్తూ అదే కేక వేస్తాడు, కళ్లలో నీళ్లతో.