టామ్‌క్యాట్ మీద జూడీ: ఇన్‌స్టాల్ పది నిమిషాలు, అడ్రస్ తంటా రెండు రోజులు

[స్క్రీన్: టెర్మినల్, పక్కన టీ గ్లాసు]

నమస్తే అండీ. ఇవాళ టామ్‌క్యాట్ మీద, అంటే జావా వెబ్ ప్రోగ్రాములు నడిపే సర్వర్ మీద, వెబ్ సర్వీసుల రిజిస్ట్రీ పెడదాం. అపాచీ వాళ్ల జూడీ. రాతలో ముందు చిన్న జే, తర్వాత పెద్దక్షరాల్లో యూడీడీఐ ఉంటుంది, పలకడం మాత్రం జూడీ అనే. వెనక ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే సర్దుకోండి, పర్లాకిమిడిలో ఈ ఎండలకి ఫ్యాన్ ఆపి రికార్డ్ చేయడం నా వల్ల కాదు.

రిజిస్ట్రీ అంటే ఏంటో ముందు చెప్తా. మా బస్టాండ్ దగ్గర ఒక టీ కొట్టాయన ఉన్నాడు. పాతపట్నం ఆటోలు ఎక్కడ ఆగుతాయి, కాశీనగరం వెళ్లే బండి ఏది, గుణుపురం రైలు ఇవాళ లేటా, ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా చెప్తాడు. ఆయన ఆటో నడపడు, టికెట్ కొయ్యడు, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్తాడంతే. రిజిస్ట్రీ పని కూడా అదే. ఒక ప్రోగ్రామ్ వచ్చి ఫలానా పని చేసే సర్వీసు ఎక్కడుంది అని అడిగితే అడ్రస్ చేతిలో పెడుతుంది, ఆ తర్వాత ఆ ప్రోగ్రామ్, ఆ సర్వీసు, వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.

2000లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరిబా కలిసి ఇలాంటి రిజిస్ట్రీ ఎలా ఉండాలో చెప్పే యూడీడీఐ అనే ప్రమాణాన్ని బయటపెట్టినప్పుడు, కంపెనీలన్నీ వచ్చి ఒకే పబ్లిక్ రిజిస్ట్రీలో పేర్లు రాసుకుంటాయని ఆశపడ్డారు. ఎవరూ పెద్దగా రాలేదు. 2006 జనవరిలో ఆ పబ్లిక్ రిజిస్ట్రీని మూసేశారు. జూడీ కూడా ఇప్పుడు అటకెక్కింది, మాటవరసకి కాదు, రిటైరైన ప్రాజెక్టుల్ని అపాచీ వాళ్లు పెట్టే చోటు పేరే అటిక్, అంటే అటక. మరి ఎందుకు నేర్చుకోవడం అంటే, పాత సోప్ సర్వీసులు, అంటే ఎక్స్ఎమ్ఎల్ సందేశాలతో మాట్లాడుకునేవి, నడుస్తున్న ఆఫీసుల్లో ఇంకా తగులుతుంది, పైగా సర్వీసుల అడ్రస్‌లు చెప్పే ఇప్పటి యురేకా, కాన్సుల్ లాంటివి అర్థం కావాలంటే ఇదొకసారి చేత్తో చేసి చూడటం మంచిది. కొత్త ప్యాచ్‌లు రావు కాబట్టి నేరుగా ఇంటర్నెట్ మీద మాత్రం పెట్టకండి. ల్యాబ్‌లో, లోపలి నెట్‌వర్క్‌లో ఉంచండి.

[స్క్రీన్: డౌన్‌లోడ్ పేజీ, టామ్‌క్యాట్ 9]

జావా 8, టామ్‌క్యాట్ 9. ఇక్కడే చాలామంది జారిపడతారు. కొత్తది కదా అని టామ్‌క్యాట్ 10 దించుకుంటారు. టామ్‌క్యాట్ 10 నుంచి సర్వ్‌లెట్ లాంటి వెబ్ ప్యాకేజీల పేర్లలో జావాఎక్స్ కాస్తా జకార్తా అయిపోయింది, జూడీ కోడ్ ఏమో పాత పేర్లతోనే ఉంది, అందుకని వార్ ఫైలు, అంటే జావా వెబ్ ప్రోగ్రామ్ మొత్తం మూటకట్టిన ఫైలు, పెట్టగానే లాగ్‌లో క్లాస్ దొరకలేదని ఎర్రెర్రగా వరస కడుతుంది. మీ తప్పేం లేదు, 9కి దిగండి, పోతుంది.

జిప్ విప్పేటప్పుడు ఫోల్డర్ పేరులో ఖాళీలు లేకుండా చూసుకోండి. జావా హోమ్ సెట్ చేయండి, స్టార్టప్ స్క్రిప్ట్ నడపండి, బ్రౌజర్‌లో 8080 పోర్ట్ కొట్టండి, టామ్‌క్యాట్ పేజీ రావాలి. రాకపోతే ముందు పోర్ట్‌ని అనుమానించండి. బిల్డ్‌లు నడిపే జెన్‌కిన్స్ కూడా మామూలుగా 8080 మీదే కూర్చుంటుంది. అలాంటప్పుడు కాన్ఫ్ ఫోల్డర్‌లో సర్వర్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ తెరిచి కనెక్టర్ దగ్గర నంబర్ మార్చుకోండి.

[స్క్రీన్: వెబ్‌యాప్స్ ఫోల్డర్]

ఇప్పుడు జూడీ వీ3 వార్ ఫైల్ని వెబ్‌యాప్స్‌లో పడేయండి. విప్పుకోవడం టామ్‌క్యాట్ చూసుకుంటుంది. మొదటిసారి టేబుల్స్ కట్టుకోవాలి, తన గురించి తనే రిజిస్ట్రీలో రాసుకోవాలి, కాస్త టైమ్ పడుతుంది, టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి. ఈలోగా లాగ్ చూస్తూ ఉండండి. గ్రాఫిక్ పేజీలు కావాలంటే జూడీ జీయూఐ వార్ కూడా పక్కనే పెట్టండి. తర్వాత టామ్‌క్యాట్ యూజర్స్ ఫైల్లో యూడీడీఐ అడ్మిన్ అనే రోల్, యూజర్ పెట్టి పాస్‌వర్డ్ మీ సొంతది ఇవ్వండి.

పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చింది. జూడీలో డిఫాల్ట్‌గా ఉండే ఆథెంటికేటర్, అంటే లాగిన్ సరిచూసే భాగం, పబ్లిషర్ పేరు, అంటే రిజిస్ట్రీలో రాసేవాడి యూజర్ పేరు, సరిపోతే చాలు, పాస్‌వర్డ్ ఏం కొట్టారో అడగదు. నిజంగా. పాస్‌వర్డ్ దగ్గర నా ఇంటిపేరు కొట్టినా రానిచ్చింది. ల్యాబ్‌కి పర్వాలేదు గానీ నలుగురు వాడేదైతే పాస్‌వర్డ్‌ని ఎక్స్ఎమ్ఎల్ ఫైల్లో చూసే ఆథెంటికేటరో, ఎల్‌డాప్ అనే ఆఫీసు యూజర్ల జాబితాలో చూసేదో పెట్టుకోవాలి. ఆ సెట్టింగ్ జూడీ వీ3 డాట్ ఎక్స్ఎమ్ఎల్‌లో ఉంటుంది. ఆ ఫైలు పేరు గుర్తుపెట్టుకోండి, అసలు తంటా కూడా అందులోనే ఉంది.

డేటాబేస్ సంగతి త్వరగా చెప్పేస్తా. లోపలే డెర్బీ అనే చిన్న డేటాబేస్ ఉంటుంది, ఏమీ చేయక్కర్లేదు, కానీ ఒకేసారి ఒక్క జావా ప్రాసెసే దాన్ని తెరవగలదు. మైఎస్‌క్యూఎల్‌కి మారాలంటే డ్రైవర్ జార్ టామ్‌క్యాట్ లిబ్‌లో పెట్టి, కాంటెక్స్ట్ ఫైల్లో డేటాసోర్స్ మార్చి, పర్సిస్టెన్స్ ఫైల్లో డయలెక్ట్, అంటే ఏ డేటాబేస్ యాసలో మాట్లాడాలో చెప్పే సెట్టింగ్, మార్చాలి. మార్చినవన్నీ ఇంకోచోట కాపీ చేసి దాచుకోండి, ఎందుకంటే రేపు కొత్త వార్ పడేస్తే టామ్‌క్యాట్ పాత ఫోల్డర్ని చెరిపేసి మళ్లీ విప్పుతుంది, మీరు రాసుకున్నవన్నీ పోతాయి.

[స్క్రీన్: బేస్ యూఆర్ఎల్ లైను, పెద్దది చేసి]

ఇదిగో, దీని కోసమే ఈ వీడియో. బేస్ యూఆర్ఎల్. జూడీ వీ3 డాట్ ఎక్స్ఎమ్ఎల్‌లో జూడీ తన అడ్రస్ చెప్పుకునే లైను. అందులో లోకల్‌హోస్ట్ అని ఉంటుంది. నా మిషన్ మీద అన్నీ పచ్చగా వచ్చాయి కదా అని అలాగే వదిలేశా. సర్వీసులు నమోదు చేశా. ఒక వ్యాపారం పేరు, దాని కింద బస్సు టైమింగుల సర్వీసు, దాని కింద బైండింగ్ టెంప్లేట్, అంటే సర్వీసుని ఎలా చేరాలో చెప్పే వివరం, అందులో యాక్సెస్ పాయింట్, అంటే అసలు అడ్రస్. ఒక్కోదానికి గుర్తింపుగా ఉండే కీలు ఖాళీగా వదిలేస్తే సర్వరే వేసుకుంది. హాయిగా ఉంది.

సాయంత్రం పాతపట్నం నుంచి మా ఫ్రెండ్ లాప్‌టాప్ పట్టుకొని వచ్చి, మా వైఫైకి కలిపి రిజిస్ట్రీని అడిగాడు. అడ్రస్ ఇచ్చింది. నొక్కాడు, ఏమీ రాలేదు. "ఏట్రా ఇది, నా లాప్‌టాప్‌లోనే ఉందంటోంది!" అన్నాడు. లోకల్‌హోస్ట్ అంటే 'ఇక్కడే' అని. ఆ మాట ఎవరు చదివితే వాళ్ల దగ్గరే అని అర్థం. మా టీ కొట్టాయన ఫోన్‌లో అడిగినవాడికి "ఆటో ఇక్కడే ఉంది బాబూ" అంటే ఎలా ఉంటుందో అలా.

సరే, బేస్ యూఆర్ఎల్‌లో మిషన్ ఐపీ పెట్టి రీస్టార్ట్ చేశా. జూడీ సొంత సర్వీసుల అడ్రస్‌లు మారాయి, వాటిని అది అడిగిన క్షణంలోనే లెక్క కట్టి ఇస్తుంది. నేను చేత్తో రాసిన బస్సు సర్వీసు మాత్రం పాత లోకల్‌హోస్ట్‌తోనే డేటాబేస్‌లో కూర్చుంది. దాన్ని విడిగా తెరిచి దిద్దాలి. జీయూఐకి కూడా రిజిస్ట్రీ ఎక్కడుందో చెప్పే యూడీడీఐ డాట్ ఎక్స్ఎమ్ఎల్ అని వేరే ఫైలుంది, అదీ చూడండి. ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరిచారా లేదా, అదీ.

అయిపోయిందనుకున్నా. రాత్రి కరెంటు పోయింది, వచ్చింది, రౌటర్ లేచి నా మిషన్‌కి ఇంకో ఐపీ ఇచ్చింది. మళ్లీ మొదటికి. ఈసారి రౌటర్‌లోకి వెళ్లి ఈ మిషన్‌కి ఎప్పుడూ ఇదే ఐపీ అని కట్టేశా. ఆఫీసులో అయితే హోస్ట్ నేమ్ వాడండి, ఐపీ వద్దు.

[స్క్రీన్: రెండో లాప్‌టాప్ బ్రౌజర్]

పరీక్ష ఎప్పుడూ పక్క మిషన్ నుంచే చేయండి. బేస్ యూఆర్ఎల్ తర్వాత సర్వీసెస్, స్లాష్, ఎంక్వైరీ, చివర ప్రశ్నార్థకం పెట్టి డబ్ల్యూఎస్‌డీఎల్, అంటే సర్వీసు వివరాలుండే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు. ఎక్స్ఎమ్ఎల్ వచ్చిందా, అందులో కిందికి జరిపి అడ్రస్ లైను చదవండి. ఇదిగో, మా వాడి స్క్రీన్. లోకల్‌హోస్ట్ లేదు, 192తో మొదలైంది. వాడు బస్సు సర్వీసు కూడా పిలిచాడు, గుణుపురం టైమింగులు వచ్చాయి. ఇంక చివరి ఆటో పోతుందని లాప్‌టాప్ మూసేస్తున్నాడు.